పలకరింపు వెనక పొక్లెయిన్ చప్పుడు

కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి సాక్షిగా, నా పెన్షను కాగితాల మీద చెయ్యి వేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. తాడేపల్లిగూడెంలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనివ్వండి. టీ కొట్టు దగ్గర చెప్పేది వేరు, అచ్చుకి ఇచ్చేది వేరు.

ఆ ఏడాది భాద్రపదం వానల్లో నేను ఏలూరులో ఒక ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసులో పి.ఎ.గా డెప్యుటేషన్ మీద ఉన్నాను. అసలు ఉద్యోగం రెవెన్యూలో సీనియర్ అసిస్టెంటు. ఎమ్మెల్యేలకు ఇలా ప్రభుత్వోద్యోగిని పి.ఎ.గా ఇచ్చే పద్ధతి ఉంది. జీతం మన శాఖ ఇస్తుంది, తిట్లు నియోజకవర్గం ఇస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కాబట్టి ఇప్పుడు ఎవరికీ సంజాయిషీ రాయనక్కర్లేదు. ఎమ్మెల్యే గారి పేరు అనవసరం. మేమంతా సారు అనేవాళ్ళం. రైసుమిల్లు నడుపుకుంటూ వచ్చి మొదటిసారి గెలిచిన మనిషి.

పి.ఎ. పని సగం చెవితో, సగం కలంతో. అర్జీ వస్తే దాని నెత్తిన సారు చేత ఒక మాట రాయించి సంబంధిత అధికారికి పంపాలి. దాన్ని ఎండార్సుమెంటు అంటాం. బయటివాళ్ళకు అన్ని ఎండార్సుమెంట్లూ ఒకటే. లోపలివాళ్ళకు కాదు. ‘తగు చర్య నిమిత్తం’ అని ఉంటే ఆ కాగితం కట్టలో అడుగుకు చేరుతుంది. ‘పరిశీలించి తెలియజేయగలరు’ అని ఉంటే అప్పుడప్పుడూ పైకి తేలుతుంది. ‘నాతో మాట్లాడండి’ అని ఉంటే ఆ అధికారి తింటున్న అన్నం వదిలేసి ఫోను చేస్తాడు. ఇంజనీరుకు ఆర్డరు వేసే అధికారం ఎమ్మెల్యేకు లేదు. అడగగలడు, అంతే. ఆ అడగడం ఎలా ఉందన్నదే అసలు సంగతి. మమ్మల్ని అడిగేవాళ్ళకూ అదే వర్తిస్తుంది. ఒకే మెసేజిని ఊరంతా ఫార్వర్డు చేస్తే మేము దాన్ని ఒక్క మనిషి కిందే జమకట్టేవాళ్ళం. సొంత మాటల్లో ఒక్కరు రాస్తే ముందు అదే చదివేవాళ్ళం.

ఇక ఆ వాన. గూడెంలో మా ఇంటి మెట్లమీదికి ఒక కొరమీను పాక్కుంటూ వచ్చి, పైమెట్టు మీద నాకోసం కాచుక్కూర్చుంది. దాన్ని దాటుకుని రైలెక్కి ఏలూరు వచ్చాను. తమ్మిలేరు కట్టలు ఒరుసుకుని పారుతోంది. కొల్లేరు నిండి, నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి దిగడం మానేసి వెనక్కి తన్నుతున్నాయి.

పొద్దున్నే పై ఊళ్ళ రైతులు వచ్చారు. వాళ్ళకు పెద్ద సత్యనారాయణ గారు, వరి రైతు, మాట నెమ్మది.

“ఏవండీ మూర్తిగారూ, చేలన్నీ ములిగిపోయాయండీ. ఇంకా నిలవుంటే దుబ్బు కుళ్ళిపోద్దండి. చినమల్లి లంక దగ్గర పాత చేపల చెరువు గట్టు అడ్డంగా ఉందండి. అది తెంపితే నీళ్ళు లాగేస్తాయండి.”

ఆయన తెచ్చిన అర్జీ ఒక్క పేజీ. ఏ గట్టు, ఏ తూముకు పక్కన, ఎవరు తెంపించాలి, ఎప్పటిలోపు, ఎవరికి ఫోను చెయ్యాలి, అన్నీ ఉన్నాయి. నా సర్వీసులో అంత చక్కటి అర్జీ అరుదు. నేనే ‘నాతో మాట్లాడండి’ అని రాసి పెట్టాను, సారు సంతకం చేశారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈ.ఈ. గారు, వెంటనే ఫోనులోకి వచ్చారు. సారు రెండో కప్పు టీ తాగేలోపే గూడెం నుంచి అద్దె పొక్లెయిన్ ఒకటి ట్రైలరెక్కి బయల్దేరింది. పని ఇంత బాగా జరిగిందని నేను కాస్త గర్వపడ్డాను కూడా.

భోజనం వేళకు ఫోను మోగింది. తెలియని నంబరు.

“నమస్కారమండీ. పి.ఎ. గారాండీ? బాగున్నారాండీ?”

“బాగున్నామండీ. ఎవరండీ?”

“ఏడుకొండలునండి, లంక మనిషినండి. సారు బాగున్నారాండీ? అమ్మగారికి మోకాళ్ళ నెప్పులు తగ్గాయాండీ?”

తగ్గాయన్నాను. “మీరు భోంచేశారాం...” అంటుండగా లైను తెగిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. మా వైపు అసలు విషయం గుమ్మంలో చెప్పరు. కుశలం అడక్కుండా పని చెబితే పెంపకం తక్కువనుకుంటాం. ఇల్లు తగలబడుతున్నా ముందు బాగున్నారా అని అడిగి, తర్వాత బిందె అడిగే జాతి మాది. కానీ ఆయన మాటల వెనక ఏదో చప్పుడు వినిపించింది. దడదడమని ఇంజను, మధ్యమధ్య ఇనుము ఇనుముతో రాసుకుంటున్న కీచుమోత. ట్రాక్టరేమో అనుకున్నాను.

మళ్ళీ మోగింది.

“ఇందాక తెగిపోయిందండీ, ఏవనుకోకండి. భోంచేశారా అని అడుగుతున్నానండి.”

“ఇంకా లేదండీ. మీరో?”

“ఎక్కడండీ...”

అంతే. మళ్ళీ తెగిపోయింది. ఈసారి చప్పుడు దగ్గరగా ఉంది. దాని మీదుగా ఒక ఆడమనిషి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తోంది. ఆ పిలుపులో తొందర విన్నాక ఆ చప్పుడేమిటో తెలిసింది. అది ట్రాక్టరు కాదు. గొలుసు చక్రాల బండి. అలాంటిది ఆ పూట కొల్లేట్లో ఎక్కడుందో నాకు తెలుసు, ఎందుకంటే పంపింది నేనే.

ఆ నంబరుకు తిరిగి చేశాను. బిజీ. మళ్ళీ చేశాను. బిజీ. నేను ఆయనకూ, ఆయన నాకూ ఒకేసారి చేస్తున్నాం, ఇద్దరికీ దొరకడం లేదు. లేచి సారు గదిలోకి వెళ్ళి సంగతి చెప్పాను. సారు మొహంలో నెత్తురు లేకుండా పోయింది. ఫోను అందుకోబోతే చేతులు వణికి అది బల్లమీద పడింది. “ఆ గట్టు అవతల ఎవరైనా ఉన్నారా మూర్తిగారూ?” అన్నారు. నాకు తెలియదు. అర్జీలో లేదు. నేను అడగలేదు.

మూడోసారి మోగింది.

“ఎమ్మెల్యే గారికి నా నమస్కారాలు చెప్పండీ, పాపం వానల్లో చాలా ఇదిగా...”

“ఏయ్, ఆపు! ఎక్కడున్నావ్? ఏం కావాలో చెప్పు!”

ముక్కూమొహం తెలియని మనిషిని ఏకవచనంలో కసరడం నా ఉద్యోగంలో అదే మొదలు. అటు ఇంజను మోత ఒక్కటే. తర్వాత చిన్నబుచ్చుకున్న గొంతు: “అదేంటండీ, పెద్దవారు మీరు అలా మాట్టాడితే ఎలాగండీ...”

వెనక నుంచి ఆ ఆడగొంతు కేకేసింది: “ఇటివ్వవయ్యా ఆ ఫోను! నీ మర్యాదలయ్యేలోపు మనం ఉప్పుటేట్లో తేలతాం!”

ఫోను చేతులు మారింది.

“ఏవండీ, నా పేరు నాగమణండి, ఆయన పెళ్ళాన్నండి. చినమల్లి లంక కింద పాత చెరువు పల్లంలో ఉంటామండి, చేపల చెరువు పనోళ్ళం. పది గుడిసెలుంటాయండి. గట్టు మీదకి మిషనొచ్చిందండి, తెంపేత్తాడంటండి. మేం రోడ్డెక్కాలంటే దారీ ఆ గట్టేనండి. గుడ్డలూపుతుంటే చెరువు ఓనర్ల మనుషులు అడ్డమొత్తన్నారనుకుంటన్నాడండి, ఆగట్లేదండి. మేం ముసలోళ్ళనీ పిల్లల్నీ ఏసుకుని దాటేదాకా ఆపించండి, చాలు. ఆనక తెంపుకోమనండి.”

లైను తెగింది. కానీ ఇక చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. సిగ్నలు పలచగా ఉన్న చోట మాట పోకపోయినా మెసేజి పోతుంది. “ఫోను చెయ్యకండి, ఖాళీగా ఉంచండి. ఏం జరిగినా మెసేజి పెట్టండి” అని పంపాను.

గట్టు తెంపేటప్పుడు అడ్డం రాని చెరువుల వాళ్ళు ఉండరు. అందుకే ఎవరు కేకలేసినా ఆగొద్దని ఆపరేటరుకు ముందే చెప్పి పంపుతారు. అతన్ని ఆపాలంటే పైనుంచి మాట రావాలి. ఈ.ఈ. గారి ఫోను బిజీ, జిల్లాలో మునుగుతున్న ప్రతి ఊరూ ఆయనకే చేస్తోంది. కింద సైటు చూసే అసిస్టెంటు ఇంజనీరు మరో చోట గండి పూడ్చడానికి పోయాడు, కవరేజి లేదు. ఆపరేటరు నంబరు మా దగ్గర లేదు. సారు ఒక్కొక్క నంబరూ కలుపుతూ చెమటలు కక్కుతున్నారు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే అది పళ్ళకు తగిలి టకటకమంది.

నా ఫోనులో మెసేజి పడింది: ‘బకెట్టు దింపాడు.’

అప్పుడు తట్టింది. ఆ బండి ప్రభుత్వానిది కాదు, అద్దెది. ఎమ్మెల్యే చేసినా ఫోను ఎత్తని ఆపరేటరు బండి ఓనరు చేస్తే ఎత్తుతాడు. గూడెంలో ఓనరు బాబ్జీకి చేశాం.

“ఏంటండీ ఇది? పొద్దున పంపూ పంపూ అని మీరే తొందరపెట్టారు, ఇప్పుడు ఆపమంటారేంటండీ?”

“అవతల మనుషులున్నారు బాబ్జీ. పసిపిల్లలున్నారు.”

బాబ్జీ ఇంకేమీ అడగలేదు. ఫోను పెట్టేశాడు.

తర్వాత ఎదురుచూడటం. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది, బయట వాన. ఇంజను మోతలో ఆపరేటరుకు ఫోను వినిపిస్తుందా? జేబులో ఉందా, క్యాబిన్లో ఏ సీటు కిందో ఉందా?

‘నీళ్ళు కారతన్నాయి.’

గట్టు ఒకసారి కారడం మొదలుపెడితే దాన్ని తెంపడానికి మిషనుతో పనిలేదు. నీరే తెంపుకుంటుంది. ఆ సంగతి సారుకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇరిగేషను భాషలో దాన్ని గండి అంటాం. పల్లంలో ఉన్నవాళ్ళు దాన్ని ఏమంటారో ఆలోచించకుండా ఉండటానికి నేను గోడమీది క్యాలెండరులో తిథులు చదువుతున్నాను.

‘ఆగింది.’

కాసేపటికి ఇంకొకటి: ‘తవ్విన చోట ఆ మిషనోడే మట్టి పోత్తన్నాడు. దాటతన్నాం.’

ఆ తర్వాత ఏమీ రాలేదు. అన్నిటికంటే భయపెట్టింది అదే. మెసేజి రాకపోవడానికి బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, వానలో ఫోను తడిసి ఉండవచ్చు, చంకలో పిల్లాడున్న మనిషికి చెయ్యి ఖాళీ లేకపోవచ్చు. ఇంకొకటి కూడా అయి ఉండవచ్చు. నేను చెయ్యలేదు. ఫోను ఖాళీగా ఉంచమన్నది నేనే.

చివరికి మోగింది. మగ గొంతు.

“నమస్కారమండీ, ఏడుకొండలునండి. అందరం హైస్కూలు కాడికి చేరామండి. అవతల ఒక్కరూ లేరండి, మా ఆవిడ రెండుసార్లు లెక్కెట్టిందండి. మేకలే దొరకలేదండి.” కాస్త ఆగి, “ఇందాక అడుగుతుంటే తెగిపోయిందండి. మీరు భోంచేశారాండీ?”

ఇంకా లేదండీ అన్నాను. ఆయనను కసిరినందుకు క్షమించమన్నాను. “అబ్బెబ్బే, అదేంటండీ” అన్నాడు. వెనక నాగమణి నవ్వడం వినిపించింది. ఇంజను చప్పుడు లేదు.

సాయంత్రం ఈ.ఈ. గారు స్వయంగా వెళ్ళి, పల్లం ఖాళీ అయిందని చూసుకుని గట్టు తెంపించారు. పై ఊళ్ళ చేలల్లో నీరు దిగింది. పది గుడిసెలూ పోయాయి. వాటికోసం నాగమణి తర్వాత ఒక అర్జీ పెట్టింది. అర పేజీ. దాని నెత్తిన ఏ మాట పడిందో మీరు ఊహించగలరు. ఇప్పుడు వాళ్ళు లంక మెరక మీద ఉంటున్నారు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది కొంచెమే. ప్రజాప్రతినిధికి ఫోను చేసేవాళ్ళు మొదటి ఊపిరిలో పేరు, ఊరు, ప్రమాదం, కావలసిన పని చెప్పాలి. కుశలప్రశ్నలు చివర్న అడిగినా మర్యాదే. అవతలివాళ్ళు చెయ్యగలిగినంతే అడగాలి. నాగమణి గట్టు తెంపవద్దనలేదు, మేం దాటేదాకా ఆగమంది. అందుకే అది జరిగింది. మాట అందని చోట రాతతో చెప్పి, ఫోను ఖాళీగా ఉంచుకోవాలి. ఇక బల్లకు ఇవతల కూర్చునేవాళ్ళు నేర్చుకోవలసింది వేరే ఉంది. చక్కగా రాసిన అర్జీ పనిచేస్తుంది. అది ఎవరిమీద పనిచేస్తుందో అందులో ఉండదు. కాబట్టి ఎండార్సుమెంటు రాసేముందు గట్టు అవతల ఎవరున్నారని అడగాలి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి అర్జీదారుణ్ణీ ఆ ప్రశ్న అడిగి విసిగించాను. ఫోనులో ఎవరైనా బాగున్నారాండీ అంటే, ఇప్పటికీ ముందు వెనకాల చప్పుడే వింటాను.

మొదట ఒట్టేశాను కాబట్టి, అమ్మవారితో ఎందుకొచ్చిన గొడవ, కల్పించింది ఏదో చెప్పేస్తాను. మెట్టెక్కిన కొరమీను అని మీరు అనుకుంటున్నారు. కాదు. అది నిజం, మా ఆవిడ పులుసు పెట్టింది. ఆ మధ్యాహ్నం సారు చేతులు వణకలేదు. ఆయన మొహంలో నెత్తురూ పోలేదు, చెమటలూ కక్కలేదు. “ముందిది తాగండి మూర్తిగారూ, బాబ్జీకి నేను కలుపుతాను” అని మంచినీళ్ళ గ్లాసు అందించింది ఆయన. టకటకలాడింది నా పళ్ళు.