తాళం వెనక రూట్ కాజ్

ఆత్మకూరులో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఈమధ్య 'రూట్ కాజ్' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతోంది. కరెంటు పోతే రూట్ కాజ్, బస్సు రాకపోతే రూట్ కాజ్, పిల్లాడికి మార్కులు తగ్గితే రూట్ కాజ్. ప్రతివాడూ ఆ ముక్క అనేసి, ఇక తన పని అయిపోయినట్టు టీ తాగడానికి పోతాడు. అందుకని క్లాసులో గట్టిగానే చెప్పాను. పైకి కనిపించేది ఉత్త కారణం. దాని వెనక ఇంకొకటి ఉంటుంది, దాని వెనక మరొకటి. ఇక వెనక్కి పోవడానికి ఏమీ మిగలని చోట దొరికేదే రూట్ కాజ్, మూల కారణం. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ మాటను చెడుకే వాడతారు. గొడవకు, జబ్బుకు, నష్టానికి. పెళ్లి బాగా జరిగితే దాని రూట్ కాజ్ ఏమిటని ఎవరూ అడగరు.

పిల్లలకు చెప్పడానికేం, ఎన్నయినా చెబుతాం. మా ఇంట్లోనే ఒక గొడవ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. ఆత్మకూరులో మా నాయనకు కిరాణా అంగడి, ఉదయగిరిలో చిన్నాయనకు ఇంకొకటి. నేను డిగ్రీ చదివే రోజుల నుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఈ ఏడు చిన్నాయన కొడుక్కి పెళ్లి కుదిరింది. చిన్నకొడుకు దగ్గరే ఉండే మా అవ్వ, పెద్దకొడుకు రాని పెళ్లిలో తను అక్షింతలు వెయ్యనని చెప్పి తిండి తగ్గించేసింది. పిల్లలకు చెప్పిన విద్యేదో ఇంట్లో వాడి చూద్దామనుకున్నాను.

ముందు నాయనను అడిగాను. మన గృహప్రవేశానికి వాడు రాలేదు గదా అన్నాడు. ఆదివారం ఉదయగిరి వెళ్లి, ఎందుకు రాలేదని చిన్నాయనను అడిగాను. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా, సొంత అన్న ఫోనులో పొడిగా ఒక్క మాట చెబితే వస్తారా అన్నాడు. తిరిగొచ్చి అమ్మను నిలదీశాను. అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. వస్తున్నామని ముందురోజు ఫోను చేసి మరీ, కుంకుమ భరిణె పట్టుకుని నాయనా తనూ బస్సెక్కి పోతే, ఆ ఇంటికి తాళం వేసి ఉందట. ఎండలో మెట్ల మీద కూర్చుని కూర్చుని తిరిగొచ్చారట. వస్తామని తెలిసీ తాళం వేసుకుని పోయారని నాయన మనసు విరిగింది. మొక్కుబడిగా ఒక ఫోను చేసి ఊరుకున్నాడు. మెట్ల మీద కూర్చుని వచ్చామని మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. అంత రోషం మనిషి.

ముందురోజు ఫోనులో ఎవరితో చెప్పావని అమ్మను అడిగాను.

"అవ్వతో. ఇంకెవురుతో?" అంది.

మరుసటి ఆదివారం మళ్లీ ఉదయగిరి వెళ్లాను. అవ్వ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆ ఫోను సంగతి వీళ్లకు ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాను. అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడు మీ పిన్నమ్మోళ్ల నాయన మర్రిపాడులో మంచాన పడి ఉండాడు. అంగడి మూసి ఒక్కరోజన్నా పోదామని ఆ బిడ్డ ఏడస్తా ఉండింది. ఇంటికి మనుషులొస్తారంటే ఆగిపోతాది గదా. అందుకే చెప్పలా. నన్నూ తీసకపోయినారు. మీ అమ్మోళ్లు వచ్చేలోపు తిరిగొస్తాంలే అనుకున్నా. ఆయన్ని చూసినాక ఎవురికీ కదలబుద్ధి కాలా."

ఆ తర్వాతైనా చెప్పొచ్చు గదా అన్నాను. నాకు కోపం ఆగలేదు మరి. ఇన్నేళ్లు!

"చెప్తే ఇద్దరు కోడళ్లకీ చేదైపోతాను. నాకు ముద్ద పెట్టేదెవురే?" అంది అవ్వ.

నా కోపం ఎటు పోయిందో పోయింది, ఏడుపొచ్చింది. తల తిప్పితే గడప దగ్గర పిన్నమ్మ నిలబడి ఉంది. చేతిలో గరిటె. మొత్తం విన్నట్టే ఉంది. అవ్వ ముఖం పాలిపోయింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను.

"ఆ పొద్దు పోబట్టే మా నాయన నాతో మాట్లాడినాడత్తా," అంది పిన్నమ్మ. "మళ్లీ నేను పొయ్యేసరికి ప్రాణం పోయి, ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఉండారు."

రూట్ కాజ్‌ను మంచికి వాడరని పిల్లలకు మొన్ననే చెప్పి వచ్చాను. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంది.

పిన్నమ్మ లోపలికి పోయి పొయ్యి ఆపేసింది. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తీసుకుని, చొక్కా వేసుకుని రమ్మని చిన్నాయనకు కేకేసింది. ఎక్కడికని ఆయన అడిగితే, బస్సులో చెబుతానంది. తర్వాత అవ్వ ముందున్న చింతపండు పక్కకు జరిపి చెయ్యి అందించింది.

"నువ్వూ లెయ్యత్తా, ఆత్మకూరు పోదాం."

నా వైపు తిరిగింది.

"మీ అమ్మకు ఫోను చెయ్యి. మేం వస్తా ఉండాం, తాళం ఏసుకొని పోవద్దని చెప్పు."

చేశాను. అమ్మే ఎత్తింది.