తొమ్మిదిళ్ళ తీగ

నా చిన్నప్పుడు మా ఇంటి ఫోను మా ఒక్కరిదే కాదు. తొమ్మిదిళ్ళకు కలిపి ఒకే తీగ ఉండేది. ఈ మాట చెబితే మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న నలుగురు ఆడపిల్లలు నమ్మరు. ఇక్కడ, కెనడాలోని ఈ ఒంటారియో లండన్‌లో, చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనబడతారు. ఒక్కొక్కరికీ ఒక ఫోను, దానికో తాళం, ఆ తాళానికి వాళ్ళ బొటనవేలే చెవి. తొమ్మిదిళ్ళ వాళ్ళు ఒకే ఫోను పంచుకోవడమంటే, ఒకే టూత్‌బ్రష్ పంచుకున్నామని చెప్పినట్టు మొహాలు పెట్టారు. పైగా వరంగల్ నుంచి వచ్చిన పిల్ల ఒకర్తి, నేను మెట్ల దగ్గర నిలబడి వాళ్ళ మాటలు వింటానని మిగతా వాళ్ళతో అనడం నా చెవిన పడింది. ఎలా పడిందంటే, మెట్ల దగ్గర నిలబడి వింటున్నాను మరి.

ఈ గుణం నాకు ఎక్కడ అబ్బిందో చెప్పాలంటే ఈ దేశంలోనే పడమటి వైపున్న సస్కాచెవాన్ రాష్ట్రం దాకా వెళ్ళాలి. నాన్న అక్కడ ఒక చిన్న ఊళ్ళో లెక్కల మాస్టారు. ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకక, పట్నానికి వెళ్ళిపోయిన ఒక రైతు కుటుంబం ఖాళీ చేసిన ఇంట్లో ఉండేవాళ్ళం. ఇంటి చుట్టూ గాలికి అడ్డంగా నాటిన నాలుగు వరసల చెట్లు, ఆ చెట్లు దాటితే గోధుమ చేలు, ఆ పైన ఆకాశం. అంతకు మించి చూడ్డానికి ఏమీ లేదు. దారులన్నీ గళ్ళ రుమాలు పరిచినట్టు మైలుకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా ఉండేవి. ఏదైనా కారు వస్తుంటే ముందు దుమ్ము కనబడేది. అది ఎవరి కారో పోల్చుకుని, వాళ్ళు మా గుమ్మం ఎక్కేలోపు అమ్మ టీ పెట్టేసేది. కాకపోతే అలా వచ్చే కార్లు బహు తక్కువ.

తెనాలిలో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ మధ్య పెరిగిన మనిషి మా అమ్మ. అలాంటి ఆమెకు మైలు దూరంలో ఉన్న ఇల్లు పక్కిల్లయింది. అక్కడ మన మండలం లాంటిదాన్ని రూరల్ మునిసిపాలిటీ అంటారు. నాన్న ఒకసారి నవ్వుతూ, "మన పెళ్ళిలో అయితే ఈ మునిసిపాలిటీ జనాన్నంతా రెండు బంతుల్లో కూర్చోబెట్టేసేవాళ్ళమే" అన్నాడు. "కూర్చోబెడతారు సరే, వడ్డించడానికి ఇంకెవరు మిగులుతారండీ" అంది అమ్మ. అని తనూ నవ్వింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆమె పగలంతా ఒక్కతే ఉండేది. నేనూ నాన్నా బడి నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గరే కనబడేది.

అమ్మకున్న ఒకే ఒక్క ఊరట ఆ ఫోను. గోడకు కొట్టిన చెక్కపెట్టె, పక్కన తిప్పే పిడి. ఎవరింటికి ఫోనొచ్చినా తొమ్మిదిళ్ళలోనూ మోగేది. గంట తీరును బట్టి అది ఎవరిదో తెలుసుకోవాలి. ఎవరిదైనా సరే, ఎత్తి చెవిన పెట్టుకుంటే మాటలన్నీ వినబడేవి. మాది రెండు పొడుగు, ఒక పొట్టి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెజైనా పట్నం నుంచి నాన్న స్నేహితుడి భార్య, నేను పిన్ని అని పిలిచే ఆవిడ, మాకు ఫోను చేసేది. ఆ రోజు పొద్దుటి నుంచే అమ్మ మొహం వేరుగా ఉండేది. రెండో పొడుగు గంట పూర్తి కాకుండానే ఫోను ఎత్తేసేది. ఇక ఇద్దరూ పచ్చళ్ళ దగ్గర మొదలుపెట్టి, అత్తగార్ల మీదుగా, చీరల దాకా వెళ్ళేవారు. నేను కింద కూర్చుని అమ్మ చీర కుచ్చిళ్ళు లెక్కపెడుతూ వినేదాన్ని.

వినేది నేనొక్కదాన్నే కాదని ఒకనాడు కిరాణా కొట్లో తెలిసింది. మైలవతలి ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఉక్రెయిన్ నుంచి పెళ్ళికూతురిగా వచ్చి, అక్కడే ముసలిదైపోయిన మనిషి. అమ్మా నేనూ ఆమెను మాలో మేము మైలవతలి మామ్మ అనుకునేవాళ్ళం. ఆ మామ్మ నన్ను బిస్కట్ల అర దగ్గర ఆపి, నా చెంప నిమిరి, పోయిన ఆదివారం మీ అమ్మ ఎందుకంత ఏడ్చింది అని అడిగింది. ఆ ఆదివారం అమ్మ నిజంగానే ఏడ్చింది. తన చెల్లెలి పెళ్ళి అయిపోయిందనీ, తను వెళ్ళలేకపోయిందనీ పిన్నికి చెబుతూ ఏడ్చింది. నేను ఇంటికొచ్చి మామ్మ అడిగిన సంగతి ఉన్నదున్నట్టు అమ్మతో చెప్పాను.

అమ్మ మొహం ఎర్రబడిపోయింది. నాన్నను నిలదీస్తే ఆయన బుర్ర గోక్కుని, ఇక్కడ అందరూ వింటారనీ, చలికాలంలో వాళ్ళకు మాత్రం ఇంకేం కాలక్షేపం ఉందనీ అన్నాడు. ఆ మాటతో కోపం రెట్టింపైంది. అమ్మ తిన్నగా వెళ్ళి ఫోను పిడి పట్టుకుని, ఆపకుండా ఒక పొడుగాటి గంట తిప్పింది. ఆ గంటకు తొమ్మిదిళ్ళ వాళ్ళూ ఫోను ఎత్తాలని ఆమెకు తెలుసు. అది నిప్పంటుకున్నప్పుడో, ప్రాణం మీదికి వచ్చినప్పుడో కొట్టే గంట అన్నది మాత్రం ఆ కోపంలో గుర్తు లేదు. అందరూ కంగారుగా ఫోన్లెత్తి ఏమిటేమిటని అడుగుతుంటే, అమ్మ కాలేజీ ఇంగ్లీషులో ఒక్కో మాటా కూడబలుక్కుని, "నేను మాట్లాడేటప్పుడు దయచేసి ఎవరూ వినవద్దు. అది మర్యాద కాదు" అని చెప్పింది.

 ఫోనులో మామ్మ ఇంటి గోడ గడియారం టిక్కుటిక్కుమనడం మాత్రం దూరంగా వినబడింది. తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు పెట్టేశారు. నాన్న తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. మర్నాటి నుంచి కొట్లో ఎవరైనా పలకరించబోతే అమ్మ మొహం తిప్పుకునేది. వాళ్ళూ పలకరించడం మానేశారు. అసలే మనుషులు లేని చోట ఉన్న కాసినిమంది కూడా దూరమయ్యారు. ఇక్కడ ఉండలేననీ, వెళ్ళిపోదామనీ అమ్మ అనడం ఆ రోజుల్లోనే మొదటిసారి విన్నాను. వెళ్ళిపోతే నాన్న ఉద్యోగం ఏమవుతుందో అని నాకు బెంగగా ఉండేది.

అప్పుడే బడిలో మా టీచరు, మా మునిసిపాలిటీ నేల గురించీ జనం గురించీ పటం గీసుకురమ్మంది. నాన్న స్కేలు పెట్టి గళ్ళు గీసిచ్చాడు. అందులో నేను దారులు, ధాన్యం నిలవచేసే ఎలివేటర్, ఎండాకాలంలో ఎండిపోయే చిన్న వాగు గీసి, తెలిసిన ఇళ్ళకు చుక్కలు పెట్టాను. కాగితం చాలా పెద్దది. చుక్కలు ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి. అమ్మ కూర కలుపుతూ నా భుజం మీంచి చూసి, "ఇంత కాగితానికి ఇవేనా చుక్కలు? వీటితో ముగ్గు కూడా పడదు" అంది.

ఆ వారాంతం నాన్న హాకీ పోటీకి బడి పిల్లలను తీసుకుని వేరే ఊరికి వెళ్ళాడు. వెనకే మంచు తుఫాను వచ్చి, దారులు మూసుకుపోయి, అక్కడే చిక్కుబడిపోయాడు. ఇక్కడ అమ్మకీ నాకూ ఒకేసారి జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు, మంచం మీద లేచి కూర్చుంటే గది గిర్రున తిరిగేది. శనివారం సాయంత్రం అమ్మ గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, ఇంటిని వెచ్చగా ఉంచే పొయ్యిలో బొగ్గులు వేసింది. ఆదివారం ఇక లేవలేకపోయింది. ఆ చలిలో పొయ్యి ఆరిపోతే ఏమవుతుందో అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. కిటికీ అద్దం మీద లోపలి వైపు మంచు పేరుకోవడం నాకు కనబడుతూనే ఉంది. అమ్మ తన దుప్పటి కూడా నా మీదే కప్పి, నన్ను గట్టిగా దగ్గరకు లాక్కుంది. ఆమె ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి.

అప్పుడు ఫోను మోగింది. రెండు పొడుగు, ఒక పొట్టి. పిన్ని. అమ్మ లేవబోయి మంచం అంచున పడిపోయింది. నేను దిగి నాలుగడుగులు పాకాను గానీ, స్టూలు వేసుకుంటే తప్ప ఫోను నాకు అందదు. స్టూలు లాగే ఓపిక నాకు లేదు. అది మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. ఇక మోగలేదు. నేను అక్కడే చాప మీద పడుకుని ఏడ్చాను.

ఎంతసేపటికో తెలియదు, బయట ట్రాక్టరు చప్పుడైంది. తలుపు తోసుకుని, నడుం దాకా మంచుతో, మా మైలవతలి మామ్మ లోపలికి వచ్చింది. నన్ను ఎత్తి అమ్మ పక్కన పడేసి, ముందు పొయ్యి సంగతి చూసింది. మంట అందుకున్నాక ఫోను దగ్గరకు వెళ్ళి ఆ పొడుగాటి గంట తిప్పింది. ఈసారి ఆ గంటకు తగిన పని ఉంది. తల్లీపిల్లా బతికే ఉన్నారనీ, జ్వరమనీ చెప్పి, డాక్టరును తేవడానికి ఒకరిని, నాన్నకు కబురు పంపడానికి ఒకరిని, బొగ్గులు తేవడానికి ఇంకొకరిని పురమాయించింది. పొద్దు గుంకేలోపు, అమ్మ మర్యాద నేర్పిన ఇళ్ళలోంచే మనుషులు మంచు తవ్వుకుంటూ వచ్చి మా వంటింట్లో నిలబడ్డారు.

అమ్మ తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్ళూ మామ్మ రోజూ వచ్చి, పాలల్లో బియ్యం మెత్తగా ఉడికించి మా ఇద్దరికీ తాగించేది. కాస్త ఓపిక రాగానే అమ్మ అడిగింది, మాకు బాగాలేదని మీకెలా తెలిసిందని. మామ్మ చెప్పిన జవాబు నాకు మాట మాటా గుర్తుంది.

"మీ గంట అన్నిసార్లు మోగడం నేనెప్పుడూ వినలేదు. కోపమొచ్చి ఎత్తడం లేదేమో అనుకుని కాసేపు కూర్చున్నాను. ఎంత కోపమొచ్చినా నువ్వు రెజైనా ఫోను ఎత్తకుండా ఉంటావా? ఫోనెత్తి ఆ రెజైనా పిల్లతో నేనే మాట్లాడి, ట్రాక్టరు తీశాను."

 అర్థం కాని భాష ఎందుకు వింటారని అమ్మ మెల్లగా అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. మా ఆయన పోయాక మా ఇంట్లో గడియారం తప్ప మాట్లాడేది లేదు, మీరిద్దరూ నవ్వుతుంటే నాకూ నవ్వొస్తుంది, నువ్వు ఏడ్చిన రోజు నాకు అన్నం సయించలేదు అంది మామ్మ. నేను కొత్తగా వచ్చినప్పుడు నా భాష కూడా ఇక్కడెవరికీ వచ్చేది కాదు అని కూడా అంది. అమ్మ మామ్మ చేయి పట్టుకుని భోరుమంది. నాకు ఆ ముసలావిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

మరుసటి ఆదివారం గంట మోగగానే అమ్మ ఎప్పటిలాగే ఎత్తింది. పిన్నిని ఒక్క క్షణం ఆగమని, ఇంగ్లీషులో, "అందరూ ఉన్నారా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. గడియారం మాత్రం టిక్కుటిక్కుమంటోంది. అమ్మ నవ్వాపుకుని తెలుగులో కబుర్లు మొదలుపెట్టింది. ఫోను పెట్టే ముందు మళ్ళీ ఇంగ్లీషులోకి మారి, మా చెల్లెలు అత్తారింట్లో బాగానే ఉన్నానని ఉత్తరం రాసింది, రెజైనాలో మంచు తగ్గిందట అని అందరికీ చెప్పింది. ఈసారి గడియారం పక్క నుంచి, సంతోషం, అన్న మాట వినబడింది. ఆ తర్వాత వెళ్ళిపోదామన్న మాట అమ్మ నోట నేను వినలేదు.

ఆ రోజు అమ్మ నా పటం తీసి ముందేసుకుంది. తుఫానుకు బడి మూసేసి, ఆపైన నేను జ్వరంతో వెళ్ళకపోవడంతో అది ఇంకా ఇంట్లోనే ఉంది. తీగ గీయడం మర్చిపోయావేం అంటూ నా పెన్సిలు అందుకుని, ఊళ్ళోని టెలిఫోను ఎక్స్‌చేంజీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చుక్కనూ కలుపుతూ, మామ్మ ఇంటి మీదుగా మా ఇంటి దాకా గీత లాగింది. పటాన్ని దూరంగా పట్టుకుని చూసి, ఇప్పుడు పడింది ముగ్గు అంది.

మా బేస్‌మెంట్‌లో దూరాలు లేవు. ఒక గదిలో తుమ్మితే ఇంకో గదిలో వినబడుతుంది. కానీ ఒకరు కాఫీ షాపులో, ఒకరు గోడౌన్‌లో, వేర్వేరు షిఫ్టులు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే గగనం. మొన్న చలికాలంలో ఒక పొద్దున కింద అలారం మోగింది. మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఎవరూ నొక్కడం లేదు. నేను స్టవ్ ఆపి మెట్లు దిగాను. వరంగల్ పిల్ల ఒళ్ళు తెలియని జ్వరంలో పడి ఉంది. మిగతా ముగ్గురూ డ్యూటీల్లో ఉన్నారు. క్లినిక్‌కు తీసుకెళ్ళి, మందులిప్పించి, పాలల్లో బియ్యం మెత్తగా ఉడికించి తాగించాను.

రెండో రోజు కళ్ళు తెరిచి, "ఆంటీ, మీకెట్ల తెల్సింది?" అంది.

"దొంగచాటుగా విన్నానమ్మా" అన్నాను.

ఆ పిల్లకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. నేను మామ్మ దగ్గర నేర్చుకున్నది అంతే. మోగేదాన్ని ఎవరూ ఎత్తకపోతే, కోపమో కాపురమో మనకెందుకని కూర్చోకుండా లేచి వెళ్ళి చూడటం. ఇప్పుడా పిల్ల డ్యూటీకి వెళ్ళేటప్పుడు మెట్ల కింద ఆగి, "ఆంటీ, పోతున్న, విన్నరా?" అని ఒక కేక పెట్టి గానీ కదలదు.

విన్నాను తల్లీ, అంటాను.