చేప వైపు నుంచి

చిలకలూరిపేట బస్టాండులో, గేలానికని దారం చుట్టించి కొన్న కొత్త రీలు పెట్టెలోంచి తీసి తిప్పుతూ కూర్చున్నాను. కాలవలో కొర్రమీనుకైనా, వాడరేవులో పండుగప్పకైనా ఇదొక్కటే సరిపోవాలి. పక్కన ముంజేతుల నిండా రాతిపొడితో ఒకాయన మార్టూరు బస్సు కోసం చూస్తున్నాడు.

"ఏం చూసి కొన్నారండీ?" అన్నాడు.

"తిప్పితే చప్పుడు లేకుండా తిరిగిందండీ."

"తిప్పేది మీరు. లాగేది చేప గదా! దాని వైపు నుంచి చూశారా?"

నేను నోరు తెరిచేలోగా దారం కొస పిడికిట్లో బిగించి, "గట్టిగా పట్టుకోండి, నేనే చేపని!" అంటూ పరిగెత్తాడు. జనం నవ్వుతూ తప్పుకున్నారు. రీలు కిర్రుమంటూ దారం వదులుతోంది. ఎక్కడా పట్టెయ్యలేదు, కుదుపు లేదు.

అంతలో మార్టూరు బస్సు కదిలింది. ఆయన చేతిలో దారంతోనే ఎక్కేశాడు!

"తిప్పమాకండి, తెగుద్ది! పోనీయండి!" అని కిటికీలోంచి అరిచాడు. బస్సు గేటు దాటుతుండగా దారం వదిలేసి, "మంచిదే కొన్నారండీ!" అన్నాడు.

బస్టాండు పొడుగునా పడిన దారాన్ని నవ్వుకుంటూ చుట్టుకున్నాను.

ఇప్పటికీ పెద్ద చేప తగిలి రీలు కిర్రుమంటే వెంటనే తిప్పను. మార్టూరు బస్సు గేటు దాటేదాకా ఆగుతాను.