తుడిచేసిన బొమ్మల వరస

రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేశాను. అంగట్లో ఎవరూ లేనప్పుడు కూర్చుని రాస్తున్నాను.

ఆత్మకూరు బస్టాండు దగ్గర మాకు చిన్న అంగడి ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, చనిపోయినవాళ్ల ఫొటోలు చేసే అంగడి. కంప్యూటర్ పని మా ఆయనది. నేను లామినేషన్ వేసి, ఫ్రేములు కట్టేదాన్ని.

ఫొటోల సాఫ్ట్‌వేర్ తెరవగానే, అంతకుముందు తెరిచిన ఫైళ్లు చిన్న చిన్న బొమ్మలుగా వరసగా కనిపిస్తాయి. పెళ్లి కార్డుకు వచ్చినవాళ్లు కూర్చోకముందే ఆయన ఆ వరసను తుడిచేసేవాడు. శుభమా అని వస్తే ఎదురుగా దండ వేసిన ముఖాలు కనపడితే ఎవరు ఒప్పుకుంటారు? లేచి వెళ్లిపోతారు. అందుకే తుడవడం నాకు కూడా చూపించాడు.

"ఈడ నొక్కితే మొత్తం పోతాది. నేను లేనప్పుడు పెండ్లోళ్లు వస్తే ముందు ఈ పని చెయ్యి."

"పోతే మళ్లా ఎట్లా?"

"ఫైళ్లు యాడికి పోతాయి మే? లోపలే ఉంటాయి. వాకిట్లో ముగ్గు తుడిస్తే ఇల్లు పోతాదా?"

నిజమే. తుడిచాక కూడా ఆయన ఏది కావాలంటే అది తెరిచేవాడు.

ఒకరోజు గుండెలో నొప్పి అన్నాడు. ఆసుపత్రి నుంచి మనిషి తిరిగి రాలేదు.

దినాలకు ఫొటో కావాలి. ఊరందరి ఫొటోలు చేసిన మనిషికి సొంతంగా ఒక్క మంచి ఫొటో లేదు. పక్క అంగడి డిజైనర్ వచ్చి మా కంప్యూటర్ తెరిచాడు. వరసలో మొదటే ఉంది, ఆయన చివరిగా తెరిచిన ఫైలు. ఉదయగిరి కొండ మీద మేమిద్దరం దిగిన ఫొటో. వెనకాల ఎవరో గొడుగు పట్టుకుని నిలబడి ఉంటే, ఆ మనిషిని చెరపాలని ఎన్నో ఏళ్ల కిందట మొదలుపెట్టి వదిలేశాడు. మనిషి పోయాడు, గొడుగు మిగిలింది. ఆ రోజు ఎందుకు తెరిచాడో తెలియదు. డిజైనర్ అందులోంచి ఆయన ముఖం ఒక్కటే కత్తిరించి, దండ వేసి ఇచ్చాడు. దానికి ఫ్రేము నేనే కట్టాను.

తర్వాత రోజూ అంగడి తీయగానే మేమిద్దరం ఉన్న బొమ్మ నొక్కి కాసేపు చూసేదాన్ని. దాని పక్కనే దండ వేసిన ఆయన. డిజైన్లు పక్క అంగడిలో చేయించేదాన్ని. మా కంప్యూటర్‌లో కొత్తవి తెరిస్తే మా బొమ్మ కిందికి జారిపోతుందని భయం.

సీతారామపురం నుంచి ఒక పెద్దామె తన భర్తతో కలిసి కొడుకు పెళ్లి కార్డుకు వచ్చింది. అప్పుడే సాఫ్ట్‌వేర్ తెరిచి మా బొమ్మ నొక్కబోతున్నాను.

"ఏందిది? పెండ్లికని వస్తే దండేసిన ఫొటోనా?" అంది ఆమె.

"మా ఆయన, పెద్దమ్మా."

"ఊరుకోవే, ఆయమ్మ బాధలో ఉండాది" అన్నాడు భర్త.

"బాధలో ఉండాదనే గదా మెల్లంగా చెప్తా ఉండేది. చూడు మే, నా బిడ్డ పెండ్లి. అది తీసెయ్యి, కూర్చుంటా."

నొక్కాను. మొత్తం తెల్లగా అయిపోయింది. ఆమె కూర్చుని మోడల్సు ఆల్బమ్‌లో పసుపు రంగు కార్డు ఎంచుకుంది.

వాళ్లు వెళ్లాక మా ఫొటో కోసం చూశాను. ఎక్కడ నొక్కాలో తెలియలేదు. వరసలో ఉంటేనే నాకు కనపడేది. లోపల అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. డిజైనర్‌ని పిలిచాను. చాలాసేపు వెతికాడు.

"ఏం పేరు పెట్టినాడు వదినా?"

"నాకేం తెలుసు? నువ్వు చూసినావు గదా ఆ రోజు."

"ఎదురుగా ఉంటే నొక్కినా అంతే. కొత్తదైతే తేదీ చూసి పట్టుకోవచ్చు. ఇది ఎప్పటిదో. ఈడ వేలు ఉండాయి."

అతనికీ గిరాకీ ఉంది, ఎంతసేపు కూర్చుంటాడు.

ఫొటో తీసిన ఫోను ఎప్పుడో పాడైంది. ప్రింటు వేయలేదు. గోడ మీద ఆయన ఒక్కడే ఉన్నాడు.

ఇప్పుడు డిజైనర్ చూపించిన చోట నేనే ఒక్కొక్కటి తెరుస్తున్నాను. ఎవరో ముసలమ్మ. ఎవరిదో పెళ్లి. ఎవరో నాయకుడి ఫ్లెక్సీ. వరస మళ్లీ నిండింది, నాకు తెలియని ముఖాలతో. పెళ్లివాళ్లు వస్తే దాన్ని తుడవాలి. తుడిస్తే ఏవి చూశానో, ఏవి చూడలేదో అది కూడా తెలియదు. మళ్లీ మొదటి నుంచి ఆ ముసలమ్మ దగ్గరే మొదలుపెడతాను.