శ్రీధర్ గురించి నేను చెప్పిన అబద్ధం

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క వాక్యం. దాని కింద ఒక కాపురం నలిగిపోయింది. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో తెలియదు కనుకే మీతో చెబుతున్నాను.

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో శ్రీధర్, నేను ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఇద్దరిదీ కాకినాడే, ఆఫీసూ ఒకటే. రోజూ పొద్దున వంటగదిలోని వెంకటేశ్వరస్వామి పటం ముందు అతను దీపం పెడితే నేను అగరొత్తులు వెలిగించేవాణ్ణి. అతని భార్య లలిత వీసా కోసం ఎదురుచూస్తూ ఊళ్లోనే ఉంది. అప్పుడామెకు మూడో నెల.

ఆ ఈస్టర్‌కి మా వీధి చర్చివాళ్లు నాటకం వేశారు. రోమన్ సైనికుడి వేషానికి పొడుగు మనిషి కావాలని పక్కింటావిడ అడిగితే శ్రీధర్ సరదాగా ఒప్పుకున్నాడు. చెరలో క్రైస్తవులకు కాపలా కాసే ఆ సైనికుడు, చావుకు జంకని వాళ్లను చూసి చూసి, చివరికి అధికారి ముందే బెల్టు విప్పి పడేసి, నేనూ వీళ్లలో ఒకణ్ణే అంటాడు. ఆ అధికారి మాటలు నేనే చదువుతూ అతనికి పాఠం వప్పజెప్పించాను. ఎంత నవ్వుకున్నామో.

నాటకం రోజు బెల్టు నేల మీద పడింది. శ్రీధర్‌కి మాట రాలేదు. ఎంతసేపటికో ఆ మాట అన్నాడు. అది వేషగాడి గొంతు కాదు.

బయట కార్ పార్క్‌లో, "అది యాక్టింగ్ కాదురా," అన్నాడు. "లలితకి నేనే ఊరెళ్లి చెప్తాను. నువ్వు మాత్రం అనకు."

మర్నాడు దీపం నేనొక్కణ్ణే పెట్టాను. అతను పక్క గదిలో మర్యాదగా, చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. ఆ మర్యాదే నన్ను కాల్చేసింది. మా దేవుడికి అవమానం జరిగిందనా? అప్పట్లో అలాగే నమ్మాను. కాదు. ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క మనిషి, నేను రాలేని చోటికి, అంత సంతోషంగా ఎలా వెళ్లిపోయాడని.

ఆ శనివారం లలితకు ఫోన్ చేశాను. మతం మారాడంటే ఆమె సర్దుకుపోతుందేమో అనిపించింది. అందుకని, "చర్చికి వెళ్లేది దేవుడి కోసం కాదమ్మా, అక్కడో అమ్మాయి ఉంది," అన్నాను. నా పేరు బయటపెట్టొద్దన్నాను.

"పెట్టను అన్నయ్యగారూ," అంది. ఆ మాట నిలబెట్టుకుంది.

లలిత రాలేదు. శ్రీధర్ ఫోన్ చేస్తే తీయడం మానేసింది. పాప పుట్టాక విడాకుల కాగితాలు వచ్చాయి. అవి పట్టుకుని నా గదికి వచ్చాడు.

"ఎవరో లేనిపోనిది ఎక్కించార్రా. ఎవరని అడిగితే, చెప్పనని మాటిచ్చానంటూ రాసింది."

"ఎవరై ఉంటారంటావ్?" నేనే అడిగాను. అవును, నేనే.

"తెలుసుకోవాలని లేదు. రోజూ వాళ్ల కోసం ప్రార్థన చేస్తున్నా. లోపల ఎంత నలుగుతున్నారో పాపం."

పిడుగు మీద పడినా అలా కొయ్యబారిపోయేవాణ్ణి కాను. ఆ సైనికుణ్ణి కదిలించింది ఇలాంటిదేనా? మరి నేనెందుకు కదల్లేదు? అప్పుడు లలితకు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు. నెల తిరక్కుండా వాట్‌ఫర్డ్ అనే ఇంకో ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాను.

పాప బడికి వెళుతోందట. తండ్రిని ఫోటోలోనైనా చూడలేదట.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ చర్చిలో ఏ అమ్మాయీ లేదు. నేను కల్పించాను. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.