సంతకాలను నమ్మని పెద్ద మేడం

మన పెద్ద మేడం పోయారు. సూర్యాపేటలో మన బడిని ఏళ్ళపాటు నడిపిన హెడ్మిస్ట్రెస్ గారు మొన్న మంగళవారం మిర్యాలగూడలో, తన ఇంట్లోనే కన్నుమూశారు. సంతాప సభలో లెక్కల సారు “ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు” అన్నారు. తప్పు సారూ. చెప్పారు. మన స్టాఫ్ గ్రూపులోనే చెప్పారు.

ఆమె సర్క్యులర్ రాసేవారు గానీ, దాని కింది సంతకాలను నమ్మేవారు కాదు. ఒకసారి సాగర్ విహారయాత్ర బస్సు వెనక గేటు దగ్గర ఆగుతుందని రాసి పంపారు. స్టాఫంతా చక్కగా సంతకాలు పెట్టి, తెల్లారి పిల్లలతో సహా ముందు గేటు దగ్గర నిలబడ్డాం. అప్పటినుంచి సర్క్యులర్ తిరగగానే తానే క్లాసు గుమ్మాల దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేవారు. “ఏం రాసిన్నో జర చెప్పుండ్రి. సంతకమంటే పెన్ను నడుస్తున్నదని గుర్తు, గంతే.” ఎం.ఏ. చదివిన నాచేత కూడా ఒకటో తరగతి పిల్లలా అప్పజెప్పించుకున్నారు. నాకు ఒళ్ళు మండేది. కానీ మళ్ళీ ఏ బస్సూ తప్పలేదు.

ఆమె రిటైరయ్యాక వాట్సాప్ వచ్చింది. సంతకం శ్రమ కూడా తప్పి, బొటనవేలి బొమ్మ చాలన్నారు. దాన్ని ‘రియాక్షన్’ అంటారని నా మనవరాలు చెప్పింది. మా కాలంలో మందు పడకపోతే వచ్చేది.

దవాఖాన ఇక వద్దని ఆమె ఇంటికి వచ్చేశాక, నేను కోదాడ నుంచి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. తానే గ్రూపులో రాశారు: “మిమ్మల్నందరినీ ఒక్కసారి చూడాలని ఉంది. ఆదివారం రండి.” జోడించిన చేతుల బొమ్మలు వరసగా దిగాయి. పూలూ దిగాయి.

“ఎవరెవరు వస్తున్నరమ్మా?”

“అందరూ చూసిండ్రు మేడం.”

“చూసుడు గాదు. వచ్చుడు అడుగుతున్న.”

పక్కగదిలోకి వెళ్ళి పేరుపేరునా ఫోన్లు చేశాను. “అందరూ పోతున్నరు గద టీచర్, నేను వచ్చే వారం పోత” అన్నారు ప్రతివారూ.

ఆదివారం పొద్దున్నే పక్కింటి టిఫిన్ సెంటర్ నుంచి నాచేత నాలుగు కుర్చీలు తెప్పించి, మంచం చుట్టూ వేయించారు. “వచ్చినోళ్ళను నిలబెట్టొద్దు” అన్నారు. పొద్దుగూకేదాకా గుమ్మం వైపే చూశారు.

లెక్కల సారూ, ఇది గ్రూపుకు కాదు, మీకు చెబుతున్నాను. ఆ కుర్చీలు ఇంకా మంచం చుట్టూ అలాగే ఉన్నాయి. రేపు మిర్యాలగూడ వెళ్ళి, వాటిని తుడిచి, టిఫిన్ సెంటర్ వాళ్ళకు అప్పజెప్పి రండి.

ఏం చెప్పానో ఒకసారి చెప్పండి.