శనివారం ఇంగ్లీషు పారాయణం

మా పైవాటాలో అద్దెకుంటున్నవాళ్ళ అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న శనివారం సాయంత్రం నేను వాకిట్లో కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతుంటే, ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఫోనుకి ఇంగ్లీషు పాఠం చదివి వినిపిస్తోంది. కాస్త చదవడం, ఆపి తను చదివింది తనే వినడం, మొహం చిట్లించి చెరిపేయడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఏంటమ్మా అంత అవస్థ పడుతున్నావంటే, "వారం వారం ఇచ్చే హోంవర్క్ ఆంటీ. చదివి రికార్డు చేసి మేడంకి పంపాలి, తర్వాత ఒక పేజీ రాయాలి" అంది. మరి వినేదెవరే అంటే ఫోను చూపించింది. నాకు నవ్వొచ్చింది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇంగ్లీషు ముక్క రాదు. అయినా వారం వారం వచ్చే ఆ హోంవర్కు మా ఇంట్లో ఒకప్పుడు చేసిన హడావుడి ఇంతా అంతా కాదు.

మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చిన ఏడు దాన్ని ఇంగ్లీషు మీడియంలో వేశాం. తెనాలిలో నలుగురూ వేస్తున్నారని మేమూ వేశాం, అంతకంటే పెద్ద ఆలోచనేం లేదు. ఇంట్లో అది వసపిట్ట. బళ్ళో మాత్రం ఇంగ్లీషు పాఠం చదవమని నిలబెడితే నోరు కదిలేది, శబ్దం వచ్చేది కాదట. ఇంగ్లీషు టీచరుగారు బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవారు. మనిషి మంచిదే కానీ చెవి మహా చురుకు. పిల్ల ఒక మాట తప్పు పలికితే అక్కడే ఆపి సరిచేసేవారు. అలా ఒకటికి రెండుసార్లు ఆపేసరికి మా పిల్ల కూలబడిపోయేది. ఆవిడ పెట్టిన పద్ధతి ఏంటంటే, కథల పుస్తకంలోంచి వారానికో పాఠం ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా పైకి చదివి వినిపించాలి. ఆ కథ సొంత మాటల్లో ఒక పేజీ రాయాలి. విన్నవాళ్ళు కింద సంతకం పెట్టాలి. సోమవారం క్లాసులో ఆ పేజీ చూపించి, పాఠం పైకి చదవాలి. రాయడం వరకు మా పిల్ల బాగానే రాసేది. సోమవారం వస్తే మాత్రం కడుపునొప్పి అనేది.

ఒకరోజు టీచరుగారు మా ఆయన్ని పిలిపించి, చదవడానికి వేరే మార్కులుంటాయని, ఇలా అయితే అవి రావని చెప్పారు. ఆయన నిమ్మకాయల కమీషన్ కొట్లో గుమాస్తా. ఏ విషయమైనా నాన్చకుండా తేల్చేయడం ఆయన అలవాటు. ఆ పూట ఇంటికొచ్చి, "దీన్ని రేపల్లెలో మా అక్క దగ్గర పెడదాం. అక్కడ తెలుగు మీడియంలో చేర్పిస్తే హాయిగా చదువుకుంటుంది" అన్నారు. మా ఆడపడుచు బంగారంలాంటి మనిషి. కబురు అందగానే పిల్ల బట్టలు పెట్టుకోవడానికి బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఉంచిందట. నాకున్నది ఒక్కతే కూతురు. రేపల్లె ఎంత దూరం, రైలెక్కితే గంట ప్రయాణం అని అందరూ అన్నారు. రోజూ పొద్దున్నే జడ వేయాలంటే ఆ గంట ఎంత దూరమో నాకు తెలుసు. ఆయనతో వాదించే నోరు నాకు లేదు. పిల్ల మాత్రం రేపల్లె పేరెత్తితే అన్నం ముందునుంచి లేచిపోయేది. నెలాఖరుకి తీసుకెళ్ళి దింపుతానన్నారు.

ఇక ఇంట్లో వినే పెద్దవాళ్ళెవరంటే, ఆయన కొట్టు కట్టేసి వచ్చేసరికి పొద్దుపోయేది, నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. మిగిలింది మా అత్తగారు. ఆవిడకి తెలిసినంతలో, ఒకరు పుస్తకం పట్టి పైకి చదువుతుంటే పెద్దవాళ్ళు కూర్చుని వినడమంటే పారాయణమే. అందుకని ఇంగ్లీషు పుస్తకానికీ అదే మర్యాద జరిగింది. శనివారం దీపాల వేళకి పిల్ల కాళ్ళు కడుక్కుని రావాలి. పుస్తకం నేలమీద పెట్టకూడదని ఆవిడ తన చెక్కపీట ఇచ్చేది. ఒక్కదాన్నే వింటే పుణ్యమేముందని పక్కింటి పిన్నిగారినీ, ఎదురింటి కుట్టుమిషనావిణ్ణీ పిలిచేది. వినేవాళ్ళందరి చేతుల్లో అక్షింతలు. చివర్న గుగ్గిళ్ళు, అవి చేయడం నా వంతు. పిల్ల కాస్త ఇంగ్లీషులో చదివి, దాని అర్థం తెలుగులో చెప్పేది. చదువుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, చదివేవాళ్ళని ఆపకూడదు. అయిపోయాక మాత్రం అందరూ అందుకునేవారు. "అంత చలిలో ఆ కుక్కని బయట వదిలేసిందేంటే ఆ దొరసాని, కుక్క తిండికి కూడా లెక్క చూసుకుంటుందా" అని పిన్నిగారు. "వాళ్ళ ఊళ్ళో చలి అంటే మన చలి కాదు పిన్నీ, నీళ్ళు రాయైపోతాయంట" అని కుట్టుమిషనావిడ.

అత్తగారిది ఇంకో నియమం ఉంది. కష్టం దగ్గర చదువు ఆపకూడదు. పురాణంలో ఎవరైనా పోయిన చోట పుస్తకం మూయరు, ఓ మంచి మాట వచ్చేదాకా చదివి అప్పుడు మూస్తారు. ఒక వారం పాఠంలో తండ్రీ కొడుకులు చేపలవేటకి వెళ్తే పడవ మునిగిపోయింది. అక్కడితో పాఠం సరి.

"అక్కడ ఆపకూడదే, శుభం దగ్గర ఆపు" అంది అత్తగారు.

"పాఠం అయిపోయింది నాయనమ్మా."

"పుస్తకం అయిపోలేదు కదా."

తర్వాతి పాఠం తేనెటీగల గురించి. పిల్ల అది అందుకుని, పట్టు నిండా తేనె చేరేదాకా చదివాక గానీ ఆవిడ అక్షింతలు వేయలేదు. మర్నాడు రాసిన పేజీ కూడా అంతే. పడవ మునిగిందని ముగిస్తే ఆవిడ సంతకం పెట్టనంది. దాంతో మా పిల్ల పడవ మునిగిన ఊళ్ళోనే తేనెపట్టు కూడా పెట్టించి, అందరూ తేనె తిన్నారని రాసింది.

సోమవారం టీచరుగారు ఎర్రసిరాతో అడ్డంగా గీసి, "పాఠంలో లేని తేనె ఎక్కడినుంచి తెచ్చావే?" అన్నారట. క్లాసంతా నవ్వు. ఇది తలొంచుకుని నిలబడిందట. ఇంటికొచ్చి, "నెలాఖరుదాకా ఎందుకమ్మా, రేపే రేపల్లె పంపించెయ్యి" అంది. నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు.

ఆ శనివారం పారాయణం మొదలైన కాసేపటికి గేటు చప్పుడైంది. చూస్తే టీచరుగారు, భుజాన సంచితో. తేనె సంగతి కనుక్కుందామని బడి నుంచి స్టేషనుకి వెళ్తూ ఇటొచ్చారట. నేను కంగారుగా లోపలికి తీసుకొచ్చాను. అత్తగారికి చూపు ఆనదు. "ఎవరో వచ్చినట్టున్నారు. కాళ్ళు కడుక్కుని కూర్చోమను. మధ్యలో మాట్లాడొద్దని చెప్పు" అంది. టీచరుగారు నావంక చూశారు, నీళ్ళ గోలెం వంక చూశారు, కాళ్ళు కడుక్కొచ్చి చాప మీద కూర్చున్నారు. పిన్నిగారు ఆవిడ గుప్పిట్లో అక్షింతలు పెట్టింది.

మా పిల్ల తలెత్తి చూసింది. గొంతు పోయింది. టీచరుగారు ఏదో చెప్పబోతే కుట్టుమిషనావిడ ఆవిడ మోకాలు తట్టి, "ఇప్పుడు మాట్లాడకూడదండి" అంది మెల్లగా. అత్తగారు కళ్ళు తెరవకుండానే, "ఆగావేంటే, మొదలెట్టింది మధ్యలో వదలకూడదు. చదువు" అంది. అది టీచరు వంక చూస్తూనే ఉంది. ఆవిడ తల దించి గుప్పిట్లోకి చూసుకుంటున్నారు. కాసేపటికి పిల్ల నోట్లోంచి సన్నగా ఒక మాట వచ్చింది, దాని వెనకాల ఇంకోటి. ఎక్కడో తప్పు దొర్లినట్టుంది, టీచరుగారి పెదవులు కదిలాయి, గుప్పిట బిగిసింది, మాట మాత్రం రాలేదు. చదవగా చదవగా గొంతు ఇంట్లో గొంతే అయింది. ఇంతలో ఆవిడ వాచీ చూసుకుని లేవబోయారు. కథలో అప్పుడే ఎవరికో జబ్బు చేసింది. "కష్టం దగ్గర లేవకూడదమ్మా" అంది అత్తగారు. ఆ జబ్బు తగ్గేసరికి బాపట్ల రైలు వెళ్ళిపోయింది.

గుగ్గిళ్ళు తింటూ టీచరుగారు, "ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావే?" అన్నారు.

"మీరు మధ్యలో ఆపలేదు కదా మేడం" అంది మా పిల్ల. అని, భయంతో నా వెనక్కి వచ్చేసింది.

వచ్చింది టీచరుగారని అప్పటికి అర్థమైన మా అత్తగారు, "అయ్యో, మీరాండీ. మాకు తెలీదు కదా, పిల్ల సరిగ్గా చదివిందాండీ?" అంది. "తప్పులున్నాయండి. ఇవాళ పారాయణం కదా, సోమవారం చెప్తాను" అన్నారావిడ. ఇదంతా మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నారని మేమెవరం గమనించలేదు. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి, టీచరుగారిని స్కూటరు మీద తర్వాతి బండికి దింపి వచ్చారు.

సోమవారం టీచరుగారు కుర్చీ వదిలేసి వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారట. పాఠం పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదన్నారట. మా పిల్ల ఒకచోట వరస తప్పిందట, అయినా చివరిదాకా చదివింది. చదివాక ఆవిడ తప్పులు చెప్పారు, చాలానే ఉన్నాయట. అది వాటన్నిటినీ ఇంటికొచ్చి నవ్వుతూ మాకు అప్పజెప్పింది. ఆయన మనసు మార్చుకున్నానని నాతో ఏనాడూ అనలేదు. ఆ వేళ రేపల్లెకి ఫోను చేసి, "అక్కా, ఆ బీరువా అరలో నీ చీరలు పెట్టేసుకో" అన్నారు. వంటింట్లోంచి విన్నాను.

పదో తరగతిలో ఆ టీచరుగారు బాపట్లకి బదిలీ అయిపోయారు. మా పిల్లకి శనివారం ఆ వేళకే ట్యూషను పడింది. అత్తగారు కొన్నాళ్ళు చాప వేయించుకుని చూసింది, తర్వాత వేయమనడం మానేసింది. ఇప్పుడు ఆవిడ లేదు. పిన్నిగారు కొల్లూరులో కొడుకు దగ్గరుంటోంది. ఎంత గుర్తుచేసుకున్నా ఆఖరి శనివారం అది ఏ కథ చదివిందో నాకు తట్టదు. ఆ వేళ గుగ్గిళ్ళ గిన్నె కడిగి బోర్లిస్తూ, వచ్చే వారం శనగలు ఇంకో గుప్పెడు నానబెట్టాలి అనుకున్నాను. అదే చివరి వారమని కాలం నాతో చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు.